ముందే కొంటే రోగమొస్తుందట

మా తీరప్రాంతపు కుటుంబాల్లో పుట్టబోయే బిడ్డకు ముందుగా గుడ్డముక్క కూడా కొనకూడదు. సముద్రం దాటి ఈ దీవులకొచ్చి తరాలు గడిచాయి. పూర్వీకుల ఊరి పేరు సరిగ్గా పలకలేనివాళ్ళు కూడా ఈ నియమాన్ని మాత్రం భద్రంగా మూట కట్టి తెచ్చుకున్నారు. కడుపులో ఉన్న బిడ్డకు చొక్కా కొంటే ఆ బిడ్డ దక్కదట. ఊయల కొంటే అది ఖాళీగానే ఊగుతుందట. అందుకని బిడ్డ భూమ్మీద పడ్డాకే ఇంటి మగవాళ్ళు బజారుకు పరిగెత్తి, దొరికిన కొట్లో దొరికిన గుడ్డలు తెస్తారు. ఈలోగా పక్కింటి పిల్ల విడిచేసిన పాత చొక్కాను, పాల మరకలతో, చంకలోని చెమట వాసనతో సహా, అప్పుడే పుట్టిన ఒంటికి తొడుగుతారు. పాతది తొడిగితే దిష్టి తగలదట. దిష్టికి మురికంటే భయం కాబోలు.

ఈ ఆచారమంటే నాకు మొదటినుంచీ అసహ్యం. కోపమని రాయొచ్చు గానీ, అది అబద్ధమవుతుంది. కోపం నాలుగు మాటలు వాదించాక చల్లారుతుంది. ఇది అన్నంలో వెంట్రుక కనబడినప్పుడు కలిగేది. తీసి పారేసినా ఆ ముద్ద ఇక గొంతు దిగదు.

మా నాన్న మమ్మల్ని వాదనల మధ్య పెంచాడు. ఆదివారం సాయంత్రాలు పఠన మందిరంలో చాపలు పరిచి కూర్చుని దేవుడు, దెయ్యం, కులం, శకునం అన్నిటినీ చీల్చి చెండాడేవాళ్ళు. "ఆధారం ఏది?" అన్న ప్రశ్న నాకు ఉగ్గుపాలతో అబ్బింది. అయితే ఆ మందిరంలోనే ఇంకోటి కూడా చూశాను. ఎవరి చంకలోనో పసిపిల్ల గుక్కపట్టి ఏడిస్తే, మూఢనమ్మకాల మీద నిప్పులు కక్కుతున్న వక్త ఆగి, "అమ్మా, కాస్త బయటికి తీసుకెళ్ళండి" అనేవాడు. తల్లి బయట వానచూరు కింద నిలబడేది. లోపల స్త్రీవిముక్తి గురించి ఉపన్యాసం సాగేది. ఆ పెద్దమనుషుల్లో ఒక్కడు కూడా ఒక్క పిల్ల ముడ్డి కడిగి ఉండడు. ఆచారాన్ని ఎంత అసహ్యించుకుంటానో, ఆ శుభ్రమైన చేతుల హేతువాదాన్నీ అంతే అసహ్యించుకుంటాను. పసిపిల్లల పెంపకం వేదిక మీద తేలే విషయం కాదు. అక్కడ ఏ పూట ఏమవుతుందో ఎవరికీ తెలియదు. నవ్వుతూ పాలు తాగిన పిల్ల గంట తిరక్కుండా వేలాడిపోవచ్చు. తెలియనిదాన్ని ఎదుర్కోవడానికి మనిషికున్నవి రెండే దారులు. ముందుగా సిద్ధపడటం ఒకటి. సిద్ధపడ్డట్టు నటించడం రెండోది. మావాళ్ళు మొదటిదాన్ని అపశకునమన్నారు, రెండోదానికి నల్లదారం కట్టారు.

నా కూతురి అత్తవారిల్లు డిగ్నాబాద్‌లో. నేనుండేది అదే ఊళ్ళో, విమానాశ్రయం పక్కన లంబాలైన్‌లో, విమానం దిగినప్పుడల్లా మాట ఆపి మళ్ళీ మొదలుపెట్టే ఇంట్లో. అల్లుడికి హాడో రేవులో పని. వాళ్ళ నాన్నకు చేపల పడవ ఉంది. మా వియ్యపురాలు శ్రీకాకుళం వైపు నుంచి కోడలిగా ఈ దీవికి వచ్చిన మనిషి. గట్టి గొంతు, గట్టి చేతులు, మనవరాలంటే ప్రాణం. ఈ చివరి మాట నేను మర్యాద కోసం రాయడంలేదు. నా కష్టమంతా అక్కడే ఉంది. ప్రేమ లేనివాళ్ళ మూర్ఖత్వాన్ని కడిగిపారేయడం సులువు.

మా అమ్మాయి ఏ నిషేధాన్నీ లెక్కచెయ్యలేదు. నెలలు నిండకముందే గుడ్డలు ఉతికి, ఎండబెట్టి, మడతపెట్టుకుంది. పిల్ల పాకడం మొదలుపెట్టాక గోడ మేకుకు ఒక గుడ్డసంచి తగిలించింది. అందులో మెత్తటి గుడ్డలు, జ్వరం చూసే థర్మామీటరు, కాచిన నీళ్ళకు లీటరు గీత గీసిన సీసా, చెంచా, విరేచనాలప్పుడు నీళ్ళలో కలిపే ఉప్పుపంచదార పొడి పొట్లాలు ఉండేవి. అత్తగారు ఆ సంచి కింద నుంచి వెళ్ళినప్పుడల్లా ఒక మాట విసిరేది.

"మా కోడలు నిచ్చం పెయానంలోనే ఉంటాది. ఓడ ఎప్పుడొచ్చినా ఎక్కడానికి రెడీ."

"ఉండనీ అత్తా, నీకేం బరువా?"

"బరువు నాకు కాదే, పిల్లకి. దవాయి ముందు కొని ఎట్టుకుంతే రోగం ఎతుక్కుంటా వొత్తాది. ఇల్లు సూసుకుని మరీ వొత్తాది."

అమ్మాయి నవ్వి ఊరుకునేది. నేనైతే ఊరుకునేదాన్ని కాదు. "రోగానికి మా అడ్రసు ఎవరిచ్చారు వదినా?" అని ఒకసారి అడిగాను. "నువ్వే ఇచ్చుంటావు వదినా, పత్రికల్లో రాత్తావు కదా" అంది ఆవిడ. ఆ దెబ్బ బాగుందని ఒప్పుకోవాలి.

సంచికి పోటీగా ఆవిడ తన ఏర్పాటు తాను చేసింది. పిల్ల మణికట్టుకు తాయెత్తు కట్టించింది. నల్లదారం మీద చింతగింజంత నల్లగుడ్డ మూట. పాకే వయసు పిల్ల, చిగుళ్ళు సలుపుతున్న పిల్ల. చేతికందినదల్లా నోటికే పోతుంది. చేతినే అంటిపెట్టుకుని ఉన్నది వేరే ఎక్కడికి పోతుంది? పొద్దస్తమానం ఆ మూటను చప్పరించేది. నేల మీద పాకుతుంది, కుళాయి దగ్గర తడిలో చెయ్యి ఊపుతుంది, చేపల గంప మోసుకొచ్చి గుమ్మంలో దించిన తాత కాలు పట్టుకుంటుంది, మళ్ళీ ఆ చెయ్యి నోట్లోకి. మూట ఎప్పుడూ తడిగా, జిగురుగా, పుల్లటి వాసనతో ఉండేది. నేను పిల్లను ఎత్తుకుంటే ముందు ఆ మణికట్టే నా ముక్కుకు తగిలేది. సబ్బుతో కడగబోతే వియ్యపురాలు చెయ్యి అడ్డం పెట్టింది.

"సబ్బు ఎయ్యకు వదినా, బలం పోతాది."

"ఏ బలం? కంపు బలమా?"

"నీకు ముక్కు ఎక్కువ."

ఈ దీవిలో నీళ్ళు రోజూ రావు. వచ్చిన రోజు డ్రమ్ములు నింపుకుంటాం, రాని రోజుల్లో అవే వాడుకుంటాం. వానకాలం మొదట్లో ఆ నీళ్ళ రంగు చూస్తేనే తెలుస్తుంది, కడుపులు చెడిపోయే రోజులు వచ్చాయని. చదువుకున్నవాడికీ చదువుకోనివాడికీ తెలుస్తుంది. అయినా కాచిన నీళ్ళ కంటే నల్లదారమే నమ్మకమైనది మాకు.

ఒక వానరోజు మధ్యాహ్నం నేను డిగ్నాబాద్ వెళ్ళాను. అమ్మాయి ఆఫీసులో ఉంది. పొద్దున పిల్లకు ఒకసారి పల్చగా అయిందట. అది చూసి సంచి చూపించి, ఎలా కలపాలో అత్తగారికి చెప్పి, పాలు పట్టి వెళ్ళింది. నేను వెళ్ళేసరికి ఇల్లంతా పుల్లటి కంపు. తలుపులు మూసి సాంబ్రాణి వేశారు. ఆ పొగలో, వాన తడిలో, మలం వాసనలో ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళాను. చాప మీద పిల్ల పడుకుని ఉంది. పడుకుంది అనకూడదు, పడి ఉంది. నన్ను చూస్తే చేతులూపే పిల్ల కళ్ళు కూడా తిప్పలేదు. ఏడుపు మొహం పెట్టింది గానీ కన్నీరు లేదు. పెదాలు ఎండి పొట్టు కట్టాయి. నడినెత్తి మీద మాడు చిన్న గుంటలా లోపలికి దిగింది. ఆ గుంట నిండా ఆముదం.

"ఇదేమిటి వదినా?"

"మాడు దిగిపోనాది. ఆముదం అద్దితే లేత్తాది. పళ్ళొచ్చే ఇరేసనాలు, కంగారెట్టకు."

"నీళ్ళు పట్టావా?"

"నీళ్ళా? లోపలున్నవే నిలవట్నేదు, ఇంకా పొయ్యమంతావా? పాలు కూడా ఆపీసినాను. కడుపు ఆరనీ."

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చెప్పాలి. మాడు దిగడాన్ని ఆవిడ సరిగ్గా చూసింది. ఒంట్లో నీరు ఇంకిపోయిందనడానికి అంతకంటే స్పష్టమైన గుర్తు లేదు. తరతరాల ఆడవాళ్ళు పిల్లల నెత్తులు తడిమి పట్టుకున్న గుర్తు అది. కళ్ళు సరిగ్గా పనిచేశాయి. చూసినదాన్ని బుర్ర ఆముదంలోకి తోసేసింది. ఇంకిపోతున్న చెరువుకు తూము తెరిచి ఉంచి, వాగును కట్టేసి, ఎండిన గట్టుకు నూనె రాసినట్టు. నాకు అన్నిటికంటే ఎక్కువ రోత పుట్టించేది ఇదే. అజ్ఞానం అంటే చీకటి అంటారు. కాదు. వెలుగులో నిలబడి చూసి కూడా తప్పు దారి పట్టడం.

నేను సంచి దించాను. గుడ్డలున్నాయి, సీసా ఉంది, చెంచా ఉంది. పొట్లాలు లేవు.

"పొట్లాలేవీ?"

ఆవిడ సాంబ్రాణి గిన్నె సర్దుతూ, "పారేసినాను" అంది. "ఆ పుడియాలు ఇంట్లో ఉండబట్టే వొచ్చింది. పొద్దునే కాలవలో పారేసినాను."

ఏమన్నానో అన్నీ గుర్తులేవు. పిల్లను ఎండగడుతున్నావన్నాను. ఆవిడ, "నలుగుర్ని కన్నాను, నాకు సెప్పకు" అంది. "నువ్వు ఒక్కదాన్ని కన్నావు, వెయ్యి కాయితాలు రాసినావు" అంది. నేను పొయ్యి వెలిగించి నీళ్ళు పెడుతూనే అరిచాను, ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి అరిచింది. పిల్ల మా రెండు గొంతుల మధ్య తాయెత్తు మూటను నోట్లో పెట్టుకుని, చప్పరించే ఓపిక లేక, ఊరికే ఉంచుకుంది. నేను వెళ్ళి ఆ చెయ్యి లాగేస్తే మళ్ళీ పెట్టుకుంది. అమ్మాయికి ఫోన్ చేశాను. అప్పటికే బయల్దేరిందట, దారిలో ఉందట.

వానలో తడిసి వచ్చింది. ఇంట్లోకి రాగానే అరవలేదు. అరిచి ఉంటే నాకు సంతోషంగా ఉండేది. చెప్పులు విడిచి, చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, పిల్ల పక్కన కూర్చుంది. పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పైకి లాగి వదిలింది. అది మెల్లిగా, బద్ధకంగా సర్దుకుంది. అమ్మాయి ఇంకోసారి లాగి చూసింది. అంతే.

"అమ్మా, నీళ్ళు చల్లారాయా?"

"గోరువెచ్చగా ఉన్నాయి. కానీ పొట్లాలు మీ అత్త…"

"తెలుసు." తన ఆఫీసు బ్యాగు జిప్పు తీసి పొట్లం బయటపెట్టింది. "పారేస్తుందని తెలుసు. అందుకే కొన్ని నా దగ్గరే ఉంచుకున్నా."

రోగం ఎప్పుడొస్తుందో తెలియదు గనుక సిద్ధపడటం అందరికీ అర్థమయ్యే విషయమే. ఇంట్లో మనుషులు ఏం చేస్తారో తెలుసు గనుక దానికీ సిద్ధపడటం వేరు. అత్తగారి నమ్మకాన్ని కూడా వాననీ, నీళ్ళు రాని రోజునీ లెక్కవేసుకున్నట్టే లెక్కవేసుకుంది. కోపం లేదు, ఆశ్చర్యం లేదు.

లీటరు గీత దాకా నీళ్ళు పోసి, పొట్లం మొత్తం అందులో వేసి కలిపింది. చెంచాతో పిల్ల పెదవికి తాకించింది. పిల్ల తాయెత్తు చెయ్యి అడ్డం పెట్టింది. అమ్మాయి కత్తెర తీసుకుంది.

"ఒలమ్మో, తెంపకే!" వియ్యపురాలు చాప మీదికి వచ్చి పిల్ల చెయ్యి పట్టుకుంది. "పిల్ల ఇలగున్నప్పుడు తెంపితే ప్రాణానికే ముప్పు."

నా దగ్గర ఒక ఉపన్యాసం సిద్ధంగా ఉంది. అమ్మాయి నా వైపు చూడకుండానే ఎడమచెయ్యి పైకెత్తి నన్ను ఆపింది.

"అత్తా, వాసన చూడు. నానిపోయింది. ఎంగిలైంది. ఎంగిలి తాయెత్తుకి బలం ఉంటుందా? నువ్వే చెప్పు."

ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుంది. మొహం ముడుచుకుంది.

"ఎంగిలైతే… నేదులే."

"మరి బలం లేనిది కట్టి ఉంచితే దోషం కాదా?"

"దోసమే."

"బస్, ఇంక చాలు. తెంపేస్తున్నా."

కత్తెర చప్పుడు విన్నాను. గెలిచాం. ఆ గెలుపూ నాకు రోతే. తాయెత్తుకు బలమే లేదని చెప్పాల్సిన చోట, ఎంగిలి తాయెత్తుకు బలం లేదని చెప్పి గెలిచిన గెలుపు. ఇలాంటి రాజీలు చేసే కదా మన సంస్కర్తల మనవలు పెళ్ళిళ్ళకు ముహూర్తాలు పెట్టించుకుంటున్నారు! కానీ చెంచా పిల్ల నోట్లోకి వెళ్ళింది. నాలుక కదిలింది. నా సిద్ధాంతం ఆ నాలుక ముందు ఎంత పెద్దదో నాకు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.

తెంపిన మూట నేల మీద పడి ఉంటే నేను వేలితో విప్పాను. లోపల బొగ్గుముక్క, ఆవాలు, ఎవరిదో వెంట్రుకల ఉండ, చేప ముల్లు లాంటిదేదో. అన్నీ నల్లటి జిగురులో మునిగి ఉన్నాయి. నీళ్ళు, పాలు ఆపేసిన ఇంట్లో తల్లి పాలిచ్చి వెళ్ళాక పిల్ల కడుపులోకి వెళ్ళిన ఆహారం ఇదొక్కటే. చెయ్యి మూడుసార్లు కడుక్కున్నా ఆ వాసన పోలేదు.

మొదటి నాలుగు చెంచాలు వాంతి అయిపోయాయి. "సూసినావా, సూసినావా!" అంది వియ్యపురాలు. అమ్మాయి తుడిచి, కొంచెంసేపు ఆగి, ఈసారి ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టింది. రొమ్ము కూడా ఇచ్చింది. ఇలా చేస్తూనే, "అమ్మా, ఆటో పిలువు. ఆసుపత్రికి వెళ్దాం" అంది. ఆటోలో పిల్లను పట్టుకోవడానికి అత్తగారినే కూర్చోబెట్టింది. "భయ్యా, గుంతల్లో మెల్లిగా" అని డ్రైవరుకు చెబుతూ, కుదుపు లేనప్పుడల్లా ఒక చెంచా పోసింది.

ఆసుపత్రి వరండా నిండా పిల్లలు. అందరినీ పడగొట్టింది ఆ వారం వచ్చిన నీళ్ళే. పక్క బెంచీ మీద ఒకామె హిందీలో, "దీదీ, నజర్ లగీ హై, దిష్టికి ఎండుమిరపకాయలు తిప్పి కాల్చండి" అని సలహా ఇచ్చింది. ఇంకొకామె బెంగాలీ యాసలో ఔనంటూ తలూపింది. ఈ దీవుల్లో అన్ని భాషలవాళ్ళం కలిసి బతుకుతామని గొప్ప చెప్పుకుంటాం. దిష్టి విషయంలో ఆ ఐక్యతకు తిరుగులేదు.

డాక్టరు పిల్ల పొట్ట, కళ్ళు, మాడు చూసింది. ఆముదం వేలికంటుకుంటే ఏమీ అనకుండా తుడుచుకుంది. "మూత్రం చివరిసారి ఎప్పుడు పోసింది?" అని అడిగింది. అమ్మాయి అత్తగారి వైపు చూసింది. ఆవిడ తల దించుకుని, "పొద్దున్నుంచి నేదు" అంది. మొదటిసారి ఆ గొంతు సన్నగా వినిపించింది.

"తాగుతోంది కాబట్టి ఇక్కడే కూర్చుని ఇలాగే పట్టండి. నేను మళ్ళీ వచ్చి చూస్తాను. అప్పటికీ మూత్రం రాకపోతే సెలైన్ ఎక్కించాలి" అంది డాక్టరు.

ఆ తర్వాత ఆ వరండాలో మేం ముగ్గురం కనిపెట్టుకుని ఉన్నది ఒక్కదాని కోసమే. మామూలు రోజుల్లో చీర తడిస్తే చిరాకుపడేదాని కోసం. వియ్యపురాలు పిల్ల కింద గుడ్డలో మాటిమాటికీ చెయ్యి పెట్టి చూసేది. ఏదో గొణుక్కునేది. అది మంత్రమని నాకు తెలుసు, అడ్డుకోలేదు. చేతిలో పిల్ల ఉన్న మనిషి నోట్లో ఏముంటే నాకేం. అమ్మాయి అలిసిపోతే చెంచా నేను తీసుకున్నాను. ఒక చెంచా. ఆగడం. ఒక చెంచా. వాదనలో ఇంత ఓపిక నాకెప్పుడూ లేదు. ఎదుటివాడు మింగేదాకా ఆగే అలవాటు వాదనలో లేదు.

వాన తగ్గి, వరండాలో దీపాలు వెలిగే వేళ వియ్యపురాలు ఒక్క అరుపు అరిచింది.

"పోసింది! ఒలమ్మో, పోసిందే!"

వరండా అంతా తిరిగి చూసింది. ఆవిడ చీర కుచ్చెళ్ళు తడిసిపోయాయి. ఆ తడిని చేత్తో తాకి, ఆ చేతిని అమ్మాయికి చూపించి, నాకు చూపించి, ముక్కూ మొహం తెలియని ఆ హిందీ ఆమెకు కూడా చూపించింది. అమ్మాయి గోడకు తల ఆనించి, అప్పుడు ఏడ్చింది. పొద్దున్నుంచీ దాచుకున్నదంతా ఏడ్చింది. పిల్ల విసుగ్గా గొంతు విప్పింది. కంట్లో ఒక చుక్క నిలిచింది.

"అమ్మోరు సల్లగ సూసింది" అంది వియ్యపురాలు, కళ్ళు తుడుచుకుంటూ.

నేను ఆగలేకపోయాను. "అమ్మోరు కాదు వదినా. ఉప్పు, పంచదార, నీళ్ళు."

"అవి మాత్రం ఎవులిచ్చినారు?"

"నువ్వు కాలవలో పారేసినవి కాక మిగిలినవి నీ కోడలిచ్చింది."

"కోడల్ని ఎవులిచ్చినారు?"

"నేను!"

హిందీ ఆమెకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా నవ్వింది. వియ్యపురాలు కూడా నవ్వాపుకోలేకపోయింది. నాకు నవ్వు రాలేదు. రేపో ఎల్లుండో కొత్త తాయెత్తు వస్తుందని నాకు తెలుసు. ఈసారి ఎంగిలి కాకుండా నడుముకు కడతారు. మా అమ్మాయి దానికీ ఏదో దారి వెతుక్కునే ఉంటుంది. దీన్ని సర్దుబాటు అంటారు, తెలివి అంటారు. నేను మాత్రం రోత అనే అంటాను. ఒక పసిదానికి గుక్కెడు నీళ్ళు పట్టడానికి ఒక తల్లి ఇన్ని ఎత్తులు వెయ్యాల్సి రావడం రోత.

ఆ మాటే అనబోయాను.

"అమ్మా," అంది అమ్మాయి, కళ్ళు తుడుచుకుంటూ, "నోరు తెరిచింది చూడు. ఒక చెంచా పొయ్యి."

పిల్ల చెంచా వైపు మెడ చాచి, నోరు తెరిచి ఉంది. పోశాను.